పొరల లోహం – పొలంలో పరీక్ష

లోహపు పొడిని లేజరు కిరణంతో కరిగించి పొర మీద పొరగా వస్తువును నిర్మించే సంకలిత తయారీ, వాడుకలో త్రీడీ ప్రింటింగ్, హైదరాబాదు పరిశోధనశాలలకు కొత్త కాదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఇటువంటి లోహాలపైనే పనిచేస్తున్నది. వ్యవసాయ యంత్రాల విడిభాగాలను కూడా ఇలాగే తయారు చేసుకోవచ్చన్న ఆలోచన విద్యార్థులకు కలగడం సహజం. అయితే ఆ ఆలోచనకు ఆధారంగా చూపుతున్నది తరచుగా ఒక్క అంకె మాత్రమే: తన్యతా బలం.

ఆ అంకె అబద్ధం కాదు. ముద్రించిన 316ఎల్ స్టెయిన్‌లెస్ ఉక్కు శాశ్వతంగా వంగడానికి కావలసిన ప్రతిబలం, కాచి మెత్తబరచిన మామూలు రేకుతో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంటుంది. కరిగిన లోహం సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లబడటం వల్ల అంతర్నిర్మాణం అతి సూక్ష్మంగా ఏర్పడటమే దీనికి ప్రధాన కారణం.

కానీ రోటవేటరు బ్లేడు ఒక్కసారి లాగితే తెగే వస్తువు కాదు. నిమిషానికి 200 చుట్లు తిరిగే బ్లేడు గంటకు 12,000 సార్లు నేలను కొడుతుంది. రోజుకు 8 గంటల చొప్పున పది రోజులు దున్నితే దెబ్బల సంఖ్య పది లక్షలకు చేరువవుతుంది. ఇక్కడ పరీక్షకు నిలవవలసింది బలం కాదు, అలసటను ఓర్చుకునే గుణం. పొరల మధ్య సరిగా కరగని చోట మిగిలే చదునైన సూక్ష్మ రంధ్రాలు, గరుకు ఉపరితలం, లోపల దాగిన అవశేష ప్రతిబలాలు పగులుకు పుట్టిళ్లు. పొరలకు అడ్డంగా లాగినప్పుడు ఆ రంధ్రాలు నోరు తెరుస్తాయి. అందుచేత ఏ దిశలో ముద్రించారో చెప్పని బలం అంకెకు విలువ తక్కువ.

ఈ పాఠం ఉత్తర తెలంగాణకు పాతదే. పూర్వపు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సరిహద్దులకు దగ్గరగా ఉన్న కోనసముద్రంలో మూసలో కరగించిన ఉక్కు పర్షియా వర్తకులను రప్పించింది. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆ కొలిములను చూసిన హెన్రీ వాయ్సీ వర్ణనలో గమనించవలసిన వివరం ఒకటుంది. మూసలోంచి తీసిన ముద్ద అలాగే పనికిరాదు. దానికి మట్టి పూసి, గంటల తరబడి మళ్లీ మళ్లీ కాచి మెత్తబరిచేవారు. పేరుప్రఖ్యాతులు ఆ ఉక్కుకు వచ్చాయి గాని, దానిని పనికి తెచ్చింది ఈ రెండవ కాపుడు. (ప్రదర్శనశాలలోని కత్తిని చూసి గర్వపడేవారు ఈ కాపుడు సంగతి ఎత్తరు.) ముద్రించిన లోహానికీ ఇంతే: ఉష్ణ చికిత్స, అవసరమైతే అధిక పీడనంలో వేడిచేసి రంధ్రాలను మూయడం తయారీలో భాగాలే తప్ప అదనపు అలంకారాలు కావు.

మొత్తం బ్లేడును ముద్రించడం ప్రస్తుతానికి దండగ; బోరాన్ ఉక్కు పట్టీని వంచి గట్టిపరిచిన బ్లేడు ముందు అది ధరలో నిలవదు. అరిగిన కర్రు మొనపై గట్టి మిశ్రమలోహాన్ని లేజరుతో పొరగా పేర్చడం అంతకంటే ఆలోచించదగిన మార్గం. కమ్మరి కర్రును కాచి సాగగొట్టినప్పుడు ఉన్న లోహమే ముందుకు జరుగుతుంది. ఇక్కడ పోయిన లోహం తిరిగి చేరుతుంది. అయితే ఆ పొర ఇసుక రాపిడికి ఓర్చినా రాయి తగిలి పెచ్చులూడవచ్చు. కనుక ఆదిలాబాద్ నల్లరేగడిలో వచ్చిన ఫలితాన్ని కరీంనగర్ చెలక నేలలకు సిఫారసు చేయరాదు. జగిత్యాల పొలాస పరిశోధన స్థానం, జమ్మికుంట, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాలు మామూలు కర్రునూ పొర వేసిన కర్రునూ ఒకే నాగలికి పక్కపక్కన బిగించి, దున్నిన ఎకరాకు తగ్గిన బరువును తూచి చూడవచ్చు. దానికి కావలసింది ఒక తక్కెడ, ఒక సీజను.