జేజినాయన వెబ్లీ, కాన్పూరు కొత్తది, మన ఫారిన్ మోజు

పోయిన వారం ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి వెళ్లాను. భక్ష్యాలు ఇంకా ఆకుల్లోకి రాలేదు గానీ రివాల్వరు వచ్చేసింది. అసలుది కాదు లెండి, ఫోనులో ఫొటో. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, వరసకు అల్లుడు, పక్కన కూర్చుని చూపించాడు. వాళ్ల జేజినాయనది, .32 బోరు వెబ్లీ అండ్ స్కాట్, బర్మింగ్‌హామ్ తయారీ.

“మామా, లక్నోలో ఒకాయన దీనికి కారు కొనేంత లెక్కిస్తానంటాండు. ఇది అమ్మేసి కాన్పూరుది కొత్తది తీసుకుంటే చేతిలో బాగానే మిగుల్తాది. ఉంచుకుందామా అంటే, గుండ్లు ఏసి కాల్చాలంటే భయమైతాంది. ఏం జేద్దామంటావ్?”

నేను నోరు తెరిచేలోగా బంతిలో ఉన్నవాళ్లందరూ తీర్పులు చెప్పేశారు. ఇంగ్లండు సరుకు మళ్లీ దొరకదు, అమ్మొద్దు అన్నాడొకాయన. పాతదాన్ని పూజగదిలో పెట్టుకుంటావా, కొత్తది తీసుకో అన్నాడు ఇంకొకాయన. అసలు నీకు రివాల్వరు ఎందుకబ్బీ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నా కడుపుమంటంతా దాని గురించే.

సరే, వాళ్ల పంచాయతీలోకే దిగి మాట్లాడదాం. ఈ రెండు తుపాకుల మధ్య తేడా ఎంత? కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వరును ఎక్కడి నుంచో ఊహించి చేయలేదు. బ్రిటిష్ సైన్యం రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన వెబ్లీ మార్క్ 4 నమూనానే దానికి మూలం. అదే ఆరు తూటాల సిలిండరు, అదే నడుము దగ్గర విరిచి లోడు చేసే పద్ధతి, విరవగానే ఖాళీ తొడుగులు ఒక్కసారిగా బయటికి ఎగదన్నే అదే ఏర్పాటు. అంటే మనవాడు జేజినాయన వెబ్లీని అమ్మి దాని మనవడిని కొంటానంటున్నాడు.

మరి ధరలో అంత తేడా ఎందుకు? ఉక్కు వల్ల కాదు, పనితనం వల్లా కాదు. 1980లలో మామూలు జనం విదేశీ తుపాకులు తెచ్చుకోవడం ఆగిపోయింది. అప్పటికి దేశంలో ఉన్నవే ఉన్నవి, కొత్తవి రావు. పోలీసులూ సైన్యమూ వాడే బోర్లు మనకివ్వరు. దాంతో లైసెన్సుదారులంతా .32 మీదే పడ్డారు. ఫారిన్ ముద్ర ఉన్న .32 బంగారమై కూర్చుంది. ప్రొద్దుటూరు బంగారం బజారులో అవ్వ కాసులపేరు పట్టుకుపోతే రాయి మీద గీసి, తూకం వేసి, తరుగు తీసి లెక్క కడతారు. తుపాకి బజారులో గీటురాయీ లేదు, తూకమూ లేదు. ముద్ర చూసి డబ్బు లెక్కపెడతారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అదే వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో 2020 నుంచి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో .32 రివాల్వర్లు తయారవుతున్నాయి. అంటే ఇప్పుడు కొత్త వెబ్లీ కూడా మన దేశంలోనే దొరుకుతుంది. అయినా లక్నో పెద్దమనిషికి అది ఆనదు. హర్దోయి అని ఉంటే ముఖం తిప్పుకుంటాడు, బర్మింగ్‌హామ్ అని ఉంటే కారు డబ్బు ఇస్తాడు.

కాల్చడానికే అయితే కొత్తదాని వైపే నా ఓటు. పాత వెబ్లీ స్ప్రింగులు సడలి ఉంటాయి. సిలిండరు గడి గొట్టానికి సరిగ్గా ఎదురు రాకపోతే తూటా అంచు చెక్కుకుని సీసం పక్కకు చిమ్ముతుంది. విడిభాగాలు దొరకవు. బాగుచేసే పాత ఉస్తాదులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పైగా సేకరణ వస్తువును కాల్చినకొద్దీ దాని ధర పడిపోతుంది. కాన్పూరు సరుకేమీ గొప్పది కాదు, ట్రిగ్గరు బరువని తిట్టుకోని వాడు లేడు. కానీ తూటా దొరుకుతుంది, భాగం దొరుకుతుంది. 2014లో కాన్పూరు నుంచే ఆడవాళ్ల కోసమని ‘నిర్భీక్’ వచ్చింది, అరకిలో బరువు, అప్పటి ధర 1.22 లక్షలు. 2023 ఆగస్టులో ‘ప్రబల్’ వచ్చింది, 50 మీటర్ల దాకా కొడుతుందన్నారు. కొనేవాడికి సరుకు కొదవేమీ లేదు.

పాతవాటికి బయటి దేశాల్లో వెర్రి ధరలు పలుకుతున్న మాట నిజమే. చిత్రకారుడు వాన్ గో తనను తాను కాల్చుకున్నది దీనితోనే అయి ఉంటుందని చెప్పే తుప్పు పట్టిన రివాల్వరును 2019 జూన్‌లో పారిస్‌లో 1,62,500 యూరోలకు వేలంలో పాడుకున్నారు. బిల్లీ ద కిడ్ అనే బందిపోటును షెరిఫ్ పాట్ గారెట్ కాల్చి చంపిన కోల్ట్ 2021 ఆగస్టులో 60 లక్షల డాలర్ల పైన పలికింది. వాటిని కొన్నవాడు కొన్నది కథను. నడుముకు పెట్టుకుని పెళ్లికి పోవడానికి కాదు.

మన జేజినాయన వెబ్లీకి ఉన్న కథేమిటి? పెద్దాయన లైసెన్సు తెచ్చుకున్నాడు. బొడ్లో పెట్టుకుని తిరునాళ్లకు వెళ్లాడు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా స్టేషనులో జమ చేసి రసీదు తీసుకున్నాడు, ఫలితాలొచ్చాక వెనక్కి తెచ్చుకున్నాడు. 2024 మే 13 పోలింగుకూ అదే తంతు. ఈ సీమలో లైసెన్సు రివాల్వర్లలో చాలావాటి ప్రయాణమంతా ఇంటి నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి ఇంటికి. ఏ ఎన్నికల్లో ప్రాణానికి ముప్పు ఎక్కువని మనవాళ్లు తుపాకి కావాలంటారో, సరిగ్గా ఆ ఎన్నికల్లోనే అది స్టేషను బీరువాలో ఉంటుంది.

రక్షణ అంటారు. కడప జిల్లాలో పుట్టినవాడికి ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. ఇక్కడి కక్షలు ఎదురెదురుగా నిలబడి తేల్చుకున్నవా? కాపు కాసి, దారి కాసి, నాటు బాంబు విసిరి, వేటకొడవలితో ముగించినవి. 1998 మే 23న పులివెందుల దగ్గర వై.ఎస్.రాజారెడ్డి బాంబు దాడిలోనే పోయారు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవి పార్టీ కార్యాలయంలోనే తూటాలకు బలయ్యారు. అంత బలగం, అంత మంది మనుషులు ఉన్నవాళ్లనే కాపాడలేని ఇనుము, అల్లుడి బొడ్లో చేరి ఏం కాపాడుతుంది? కాపాడకపోగా, 2023 మార్చిలో పులివెందుల నడిబజారులో తగాదా ముదిరి తుపాకి పేలితే ఒకాయన ప్రాణం పోయింది. ఆ తుపాకికి లైసెన్సు ఎలా వచ్చిందని ఊరంతా అప్పుడు అడిగింది, వారం తిరక్కుండా మరిచిపోయింది.

2016 చివరికి దేశంలో 33.69 లక్షల తుపాకి లైసెన్సులుంటే, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. అన్ని తుపాకులున్న చోట మనుషులు తలుపులు తీసి నిద్రపోతున్నారా? ఆ లక్నో పెద్దమనిషినే అడగండి.

చట్టం మాత్రం తుపాకి వారసత్వాన్ని చాలా గౌరవంగా చూసుకుంటుంది. లైసెన్సుదారు పోతేనే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లు ఆ తుపాకి ఆయన దగ్గరున్నా వారసుడు తన పేరు మీదికి అడగవచ్చు. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకులను రెండుకు తగ్గించారు, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. పెళ్లిళ్లలో సంబరానికని గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు అని కూడా రాశారు. ఆ పెళ్లి పందిట్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

అసలు జబ్బు తుపాకిది కాదు, ముద్రది. బయటివాడి ముద్ర పడితే తప్ప మన వస్తువు మనకు కనపడదు. అల్లుడికి నచ్చజెప్పడానికి దూరం పోనక్కర్లేదు, జమ్మలమడుగు నుంచి బండి మీద అరగంటలో చేరే గండికోట చాలు. 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పెమ్మసాని వారి నుంచి కోటను పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు, చూసినదంతా రాసిపెట్టాడు. మీర్ జుమ్లా అప్పుడు ఫిరంగులు పోయించే పనిలో ఉన్నాడు. పని అప్పగించింది క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడికి. ఇరవై ఫిరంగులు చేయాలి, లోహం కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలు తెప్పించారు. తీరా చూస్తే ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చేయకుండానే ఆ దొర పని వదిలి వెళ్లిపోయాడు. గుళ్లు బోసిపోయాయి, ఫిరంగీ రాలేదు. అదే గోల్కొండ రాజ్యంలో, ఇప్పటి నిజామాబాదు వైపు కోనసముద్రంలో, మన కమ్మరులు కాచిన ఉక్కును కత్తుల కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. ఇంట్లో ఉక్కు ఉండగా దొర ముద్ర కోసం దేవుణ్ని కరిగించిన కథ ఇది.

ఆ జబ్బు మానిందా? కోటకు పోయే దారి పొడవునా బోర్డులు చూడండి, రీళ్లు చూడండి. ‘ఇండియా గ్రాండ్ కెన్యన్’ అట! ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయకు అరిజోనా ముద్ర వేస్తే గానీ మనకు ఆనదు. అక్కడి లోయ 446 కిలోమీటర్ల పొడవు, లోతు మైలుకు పైన. పోలిస్తే మనది చిన్నబోతుంది. పోల్చకపోతే దాని అందం దానిది. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఒకే కోటలో ఉండి, కింద పెన్న పారే లోయ అరిజోనాలో ఎక్కడుంది?

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఆ పుండు కూడా కెలుకుతాను. కాన్పూరు ఉక్కు మేలా, బర్మింగ్‌హామ్ ఉక్కు మేలా అని జమ్మలమడుగు వాళ్లు పెళ్లిళ్లలో వాదించుకుంటున్నారే, మరి జమ్మలమడుగు ఉక్కు ఏది? 2007లో బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో కడప జిల్లా ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో చూడాలని రాత. 2018 డిసెంబరులో ఒక ముఖ్యమంత్రి కంబాలదిన్నెలో శంకుస్థాపన. సరిగ్గా ఏడాదికి, 2019 డిసెంబరులో, ఇంకో ముఖ్యమంత్రి సున్నపురాళ్లపల్లెలో శంకుస్థాపన. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో, అదే ముఖ్యమంత్రి, కంపెనీ పేరు మార్చి మళ్లీ భూమిపూజ. ఇన్ని రాళ్లు పాతారు, ఒక్క టన్ను ఉక్కు రాలేదు. ఉద్యోగం దొరికిన కుర్రాడికి రివాల్వరు ఫొటో చూపించుకునే తీరిక ఉండదు. కుర్రాళ్లకు పని చూపించని నాయకులే వాళ్ల లైసెన్సులకు సిఫారసు ఉత్తరాలు ఇస్తారు. నా అసలు కోపం అక్కడ ఉంది.

ఇక అల్లుడికి నా జవాబు. పాతది అమ్మొద్దు. లక్నోకు పోయినా, ఇంకెక్కడికి పోయినా అది మళ్లీ ఒకడి నడుముకే చేరుతుంది. కొత్తది కొనొద్దు, దానితో నీకు పనిలేదు. ఆయుధ చట్టం 45వ సెక్షనులో ఒక మాట ఉంది. పురాతన విలువ ఉన్నదో, కాలం చెల్లిన నమూనాదో, పాడైపోయినదో అయి, బాగుచేసినా ఇక పేలని స్థితిలో ఉన్న తుపాకికి ఈ చట్టం పట్టింపు లేదు. కలెక్టరు కార్యాలయంలో అడిగి, లైసెన్సున్న డీలరు చేత పద్ధతి ప్రకారం పేలకుండా చేయించి, దానం చెయ్యి.

ఎక్కడ ఇవ్వాలి అంటావా? గండికోటలోనే. 2024లో కేంద్రం గండికోట పర్యాటకానికి 77.91 కోట్లు మంజూరు చేసింది. అందులో ఒక గదికి అయ్యే ఖర్చెంత? పురావస్తు శాఖ (ఏఎస్ఐ), పర్యాటక శాఖ, జిల్లా కలెక్టరు కూర్చుని ఒక ఆయుధశాల పెట్టండి. మీర్ జుమ్లా ఫిరంగుల కథ నుంచి నిన్నమొన్నటి వేటకొడవలి దాకా అన్నీ పెట్టండి. జేజినాయనల వెబ్లీలు తెచ్చి ఇచ్చిన ఇళ్ల పేర్లు గోడ మీద తెలుగులో చెక్కించండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెద్దలారా, బీరువాల్లో మీ నాయనల తుపాకులు ఉంటే బేరానికి పెట్టకండి. ముందు మీరు ఇవ్వండి, కుర్రాళ్లు మీ వెనక వస్తారు.