మనలో లేదనుకుంటున్న వ్యసనం

"మద్యం మన సమస్య కాదు" అనే మాటను నేను అనేక సమావేశాలలో విన్నాను. కొన్నేళ్ల క్రితం షాబాన్ మాసంలో, రమజాన్ ఏర్పాట్ల గురించి మా మొహల్లా మస్జిద్ కమిటీ సమావేశమైంది. ఒక జుమా ఖుత్బాను తాగుడు వ్యసనం గురించి కేటాయిద్దామని నేను ప్రతిపాదించాను. పెద్దలొకరు వెంటనే అడ్డుచెప్పారు. "మనది మద్యాన్ని హరామ్‌గా ఎంచే సమాజం. లేని రోగానికి మందు దేనికి? పైగా వినేవాళ్లు మనలోనూ తాగుబోతులున్నారని అనుకోరా?" అన్నారు. మిగిలినవారు తలలూపారు. నేనూ గట్టిగా వాదించలేదు.

ఆ రమజాన్ మొదటి వారంలోనే, ఇఫ్తార్‌కు కాస్త ముందు, మా వీధి సోదరి ఒకామె మా ఇంటి తలుపు తట్టింది. ఆమె భర్త ఇళ్లకు రంగులు వేసే పనివాడు. "చాచా, ఆయనకు ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రిలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది. "ముందు ఆటో ఎక్కిద్దాం బేటీ, తెలిసినవాళ్ల సంగతి తర్వాత" అన్నాను. దారిలో విషయం బయటపడింది. అతడు ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నాడు. ఈసారి ఒక్క రోజా కూడా వదలనని, చుక్క ముట్టనని చిత్తశుద్ధితోనే ప్రమాణం చేశాడు. రెండో రోజుకు చేతులు వణకసాగాయి. మూడో రాత్రి గోడమీద ఎవరో పాకుతున్నారని కేకలు పెట్టాడు. ఇంట్లోవాళ్లు జిన్ను పట్టిందనుకున్నారు. ఆమిల్‌ను పిలిపించి తావీజు కట్టించారు. ఒక రోజంతా అలాగే గడిచిపోయింది.

ఆసుపత్రిలో వైద్యుడు ఓపికగా వివరించాడు. ఏళ్లపాటు రోజూ మద్యానికి అలవాటుపడిన శరీరం, అది హఠాత్తుగా ఆగిపోతే తట్టుకోలేదు. మొదట వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించి, మతిస్థిమితం తప్పవచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. అందుకే అలాంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. మానాలన్న సంకల్పం తప్పు కాదు, ఒంటరిగా మానడానికి పూనుకోవడమే ముప్పు తెచ్చింది. అల్లాహ్ దయవల్ల అతడు బతికాడు.

ఆ రాత్రి వరండాలో ఆ సోదరి చెప్పిన మాట ఇప్పటికీ నన్ను వెంటాడుతోంది. "తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు చాచా. బయటికి పొక్కితే ఆడపిల్లకు సంబంధాలు రావని మా అత్తగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు." వాళ్ల ఇల్లు మస్జిద్‌కు నాలుగిళ్ల అవతలే. లేని రోగమని మేము తీర్మానించిన రోజున కూడా ఆ రోగం అక్కడే ఉంది.

మద్యం హరామ్ అన్న ఆదేశం మన సమాజానికి గొప్ప రక్షణ. ఆ కట్టుబాటు వల్ల ఎన్నో కుటుంబాలు ఈ ఊబి దరిదాపులకు పోలేదు. కానీ అదే కట్టుబాటును మనం పరదాగా వాడుకుంటున్నాం. ఇతర కుటుంబాలలో భర్త తాగితే భార్య పుట్టింటివారికి చెప్పుకోగలదు, వీధిలో నిలబడి నిలదీయగలదు. మన ఇళ్లలో ఆ మాట ఎత్తడమంటే భర్త ఈమాన్‌నే బజారున పెట్టడమని భయపడతారు. ఫలితంగా తాగేవాడు దాక్కుంటాడు, భార్య దాస్తుంది, పిల్లలు అబద్ధాలు నేర్చుకుంటారు.

దాచిన ఇంట్లో ఏం జరుగుతుందో సేవాకార్యక్రమాలలో తిరిగేవారికి తెలుసు. మొదట కూలి డబ్బు సగమే ఇంటికి చేరుతుంది. తర్వాత మెహర్‌గా ఇచ్చిన నగ తాకట్టుకు పోతుంది. తర్వాత వారం వడ్డీకి అప్పు. ఆ అప్పు తీర్చడానికి పెద్ద కొడుకు ఎనిమిదో తరగతిలో బడి మాని మెకానిక్ షెడ్డులో చేరతాడు. ముస్లిం పిల్లలు మధ్యలో చదువు ఎందుకు మానేస్తున్నారని మనం సదస్సులు పెట్టుకుంటాం. పేదరికం, వివక్ష, పాఠశాలల కొరత అన్నీ చర్చిస్తాం. అవన్నీ నిజమే. కానీ కొన్ని ఇళ్లలో ఆ పిల్లవాడి ఫీజు ఎక్కడికి పోయిందో మాత్రం అడగం.

వ్యసనాన్ని రోగమంటే హరామ్ తీవ్రత తగ్గుతుందని కొందరు సోదరులు ఆందోళన చెందుతారు. వారి ఆందోళనను నేను గౌరవిస్తాను. మొదటి గుక్క మనిషి ఎంచుకున్నదే, దానికి అతడు జవాబుదారీయే. అయితే ధర్మం ఈ విషయాన్ని ఎలా నడిపించిందో చూడండి. నిషేధం ఒక్క రోజులో అవతరించలేదు. అల్ బఖరా సూరాలో మద్యం వల్ల లాభం కంటే పాపమే పెద్దదన్న హెచ్చరిక వచ్చింది. అన్ నిసా సూరాలో మత్తులో నమాజును సమీపించరాదన్న కట్టడి వచ్చింది. అల్ మాయిదా సూరాలో సంపూర్ణ నిషేధం వచ్చింది. మానవ స్వభావాన్ని సృష్టించినవానికి ఆ స్వభావపు బలహీనత తెలుసు. నిషేధం పూర్తయింది, అందులో నేడు మనకు సడలింపు లేదు. కానీ మనుషులను దాని దాకా చేయిపట్టి తీసుకువచ్చిన ఓర్పు మనకు ఆదర్శం.

సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉంది. మద్యం తాగి మళ్లీ మళ్లీ పట్టుబడిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) సమక్షానికి తెచ్చారు. శిక్ష అమలైంది. అక్కడున్న ఒకరు అతడిని శపించారు. దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. తప్పును తప్పుగానే ఎంచారు, మనిషిని మాత్రం సమాజం నుండి వెలివేయలేదు. మనం దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తున్నాం. తప్పును చూడనట్టు నటిస్తాం, బయటపడితే మనిషిని వెలివేస్తాం.

ఈ వ్యసనంలో ప్రభుత్వాల బాధ్యత తక్కువేమీ కాదు. మత్తు పానీయాలను నిషేధించేందుకు రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం నిర్దేశిస్తోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన పేద మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. నేడు రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలకూ మద్యం వేల కోట్ల రూపాయల ఆదాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు నిండిన పురుషులలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం మద్యం సేవిస్తున్నారు. ఈ వాతావరణంలో పనిచేసే మన ఆటో డ్రైవరు, మన వెల్డరు, మన రంగుల పనివాడు మాత్రం గాలి సోకకుండా ఉంటారని ఎలా అనుకుంటాం?

కనుక హక్కుల కోసం పనిచేసే మనం ఇక్కడ కూడా హక్కులు అడగాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. అంటే ప్రభుత్వ వైద్యశాలలో దీనికి చికిత్స పొందడం దయ కాదు, హక్కు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ సంస్థ చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మన పేటలకు దగ్గరలో వ్యసన విముక్తి కేంద్రం ఎక్కడుందో తెలుసుకోవాలి, లేకపోతే అర్జీ పెట్టాలి. బస్తీలో బెల్టు షాపు నడుస్తుంటే ఎక్సైజ్ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోవాలి. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాడిగా చెబుతున్నాను, రసీదు లేని ఫిర్యాదుకు దిక్కుండదు.

భార్యలకు సబర్ మాత్రమే బోధించడం మానాలి. సబర్ అంటే దెబ్బలు తినడం కాదు. 2005 నాటి గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. భర్తతో కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును, రక్షణ ఉత్తర్వులను అది కల్పిస్తుంది. రెండేళ్లపాటు పోషణ ఇవ్వకపోవడం, క్రూరత్వం అనే కారణాలపై వివాహ రద్దు కోరే హక్కు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోనే ఉంది. ఆపదలో మహిళలకు 181, వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లు ఉన్నాయి. ఈ మూడు నంబర్లను మస్జిద్ నోటీసు బోర్డుపై, మహిళల ఇజ్తెమా జరిగే చోట రాసిపెట్టడానికి ఖర్చేమీ కాదు.

ముఖ్యంగా షాబాన్ మాసంలోనే ప్రతి ఇమామ్ సాహెబ్ ఒక మాట ప్రకటించాలి. రోజూ తాగే అలవాటున్న సోదరుడు ఈ రమజాన్‌లో తౌబా చేయదలిస్తే, మొదట వైద్యుని వద్దకు వెళ్లాలి. వెంట నడవడానికి ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉంటారు, అతని పేరు వారి నోటి నుండి బయటికి రాదు. సాటి ముస్లిం లోపాన్ని కప్పడం పుణ్యమే. అయితే మనిషిని బాగుచేస్తూ కప్పడం వేరు, అతని ఇల్లు కాలుతుంటే పొగను కప్పడం వేరు.

ఆ రంగుల పనివాడు తర్వాత రెండుసార్లు మళ్లీ జారాడు. రెండుసార్లూ ఆసుపత్రికి తీసుకెళ్లాం. గత రమజాన్‌లో తరావీహ్‌లో నా పక్క సఫ్‌లోనే నిలబడ్డాడు. రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు. మా కమిటీలో ఆ ప్రతిపాదనను మళ్లీ పెట్టాను. ఈసారి అడ్డుచెప్పినవారు లేరు. మీ మొహల్లాలో కూడా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తాలి, ఇన్షా అల్లాహ్ ఆ ఒక్కరు మీరే కావచ్చు.