జర్మనీ నోటుకి వేలంపాటా, తాతగారి రసీదుకి తూకమా?

కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మన కుర్రాళ్లు కొందరు ఆన్‌లైన్‌లో జర్మనీ 'నోట్‌గెల్డ్' కొని దాచుకుంటున్నారు. సరదాకి మేం అడ్డు కాదు. 'వందేళ్ల నాటిది, కాబట్టి అరుదు' అనే అమ్మకపు మాటకి మాత్రం అడ్డే.

1914లో యుద్ధం రాగానే అక్కడ జనం నాణేలు దాచేసుకున్నారు. చిల్లర దొరక్క మునిసిపాలిటీలే కాగితం డబ్బు అచ్చు వేశాయి. అది అవసరం. 1920 నుంచి 1922 మధ్యకి వచ్చేసరికి అది వ్యాపారం. హామెలిన్ ఊరు తన ఎలుకల కథనే నోటు మీద బొమ్మగా వేసుకుంది. ఇలా ఎన్నో ఊళ్లు రంగురంగుల సెట్లు సేకరించేవాళ్ల కోసమే వేశాయి. ఆల్బంలోకి వెళ్లిన నోటు తిరిగి రాదు, ఊరు దానికి డబ్బు చెల్లించక్కర్లేదు. లాభం ఊరిది, మురిపెం కొన్నవాడిది!

మన దేశంలోనూ రెండో ప్రపంచ యుద్ధంలో చిల్లర కరువైతే బికనీర్, బుందీ, నవానగర్ లాంటి సంస్థానాలు అట్టముక్కల కూపన్లు వేశాయి. మన జయపురాన్ని సంస్థానమని పిలుచుకున్నా, అది బ్రిటిష్ పాలనలోని జమీందారీ. నోటు వేసే హక్కు దానికి లేదు. 'జయపురం రాజావారి నోటు' అని ఎవరైనా అంటగడితే కొనకండి. రాజస్థాన్ జైపూర్ వేరు, మన జయపురం వేరు.

'అయితే దాచుకోవడానికి మనకేమీ లేదా?' అంటారు. ఎందుకు లేదు? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆనాటి శిస్తు రసీదులు, స్టాంపు కాగితాలు, తెలుగులో రాసిన అప్పు చీటీలు, కొట్టు పద్దులు ఏ ఇంటి అటక మీదైనా ఉండొచ్చు. ఇల్లు సర్దినప్పుడల్లా వాటిని కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేసేవాళ్లని ఏమనాలి? రేపు నివాసానికో, కులానికో పాత ఆధారం అడిగితే జర్మనీ నోటు చూపిస్తారా? మనం నిన్న కాక మొన్న వచ్చినవాళ్లమని ఎవరైనా అంటే జవాబు చెప్పేది ఆ చిరిగిన రసీదే.

అందుకే మేం అడిగేది ఒక్కటే. పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. ఫోటో తీసి, ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది విడిగా రాసి పెట్టండి. అసలు మీ ఇంట్లోనే ఉంచుకోండి, నకలు సంఘానికివ్వండి. ఆ తరవాత జర్మనీ నోట్లు ఎన్నైనా కొనుక్కోండి, వచ్చి చూసి మేమూ సంతోషిస్తాం.