కంప్యూటర్‌లో నీళ్లున్నయ్, నల్లాలో లేవు

రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచే నగరం మనది. నల్లా తిప్పితే ముందు గాలి బుసకొడుతుంది. తర్వాత ఎర్రనీళ్లు. బిందె సగమైనా నిండకముందే గల్లీ మొదట్లో ఎవరో మోటరు వేస్తారు, ధార సన్నబడి ఆగిపోతుంది. ఇదే గల్లీని కంప్యూటర్ తెరమీద చూస్తే మాత్రం కథ వేరే. అక్కడ మన ఇంటి ముందు పైపు రోజంతా నిండుగా పారుతూ ఉంటుంది. ఆ బొమ్మను ఇంజనీర్లు హైడ్రాలిక్ మోడల్ అంటారు. ఏ గుట్టమీద రిజర్వాయర్ కట్టాలి, ఏ లైను పీకి కొత్తది వేయాలి, ఏ కాలనీకి ఇంకో వంద కనెక్షన్లు ఇవ్వొచ్చు అన్నది దాన్ని చూసే తేలుస్తారు. మరి ఆ బొమ్మ పదేండ్ల కిందటి నగరానిదైతే?

ఇది ఇంజనీర్ల ముచ్చట, మనకెందుకు అనేవాళ్లు కాస్త ఆగాలి. నీళ్ల లెక్కలు మనకు అర్థం కావని చెప్పి ఎన్నిసార్లు ముంచారో మనకు తెలువంది కాదు. ‘నీళ్లు’ అన్న మాటనే మొదటి మాటగా పెట్టుకుని కొట్లాడినవాళ్లం, 2014లో రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం. ప్రాజెక్టుల టీఎంసీలు నోటికి నేర్చుకున్నం కదా, మన గల్లీ పైపు లెక్క నేర్చుకోలేమా?

లెక్క కష్టమైంది కాదు. పైపులు కలిసే ప్రతి చోటునూ ఒక చుక్కగా పెట్టుకుంటారు. ఆ చుక్క ఎంత ఎత్తున ఉంది, అక్కడ ఎందరు ఎన్ని నీళ్లు వాడతారు అన్నది రాస్తారు. చుక్కల మధ్య గీతలు పైపులు. వాటి పొడవు, వెడల్పు, లోపలి గరుకుతనం, ఎక్కడ వాల్వు, ఎక్కడ పంపు అన్నవి రాస్తారు. ఏ చుక్క దగ్గర ఎంత ఒత్తిడి ఉంటుందో కంప్యూటర్ చెబుతుంది. 1936లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో హార్డీ క్రాస్ ఈ లెక్కను కాగితంమీద చేసే పద్ధతి చెప్పారు. 1993లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏనెట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే లోకానికి ఇచ్చింది. మన ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విద్యార్థులకు ఆ పేరు కొత్తకాదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనడానికి పైసలు లేవన్న సాకు చెల్లదు. లేనిది అందులో పోయాల్సిన నిజం.

మన నగరాన్నే చూడండి. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. పడమట ఎత్తున చెరువులు, దిగువన నగరం. నీళ్లు వాటంతటవే పల్లానికి దిగేవి. 1965 నుంచి వాయవ్యం దిక్కున మంజీర వచ్చింది, తర్వాత సింగూరు. 2004లో కృష్ణ మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. అదే ఏడు ఎల్లంపల్లి నుంచి గోదావరి. ఇన్ని దిక్కుల నుంచి నీళ్లు తెచ్చి పాత పైపుల్లో కలిపితే కొన్ని పైపుల్లో ప్రవాహం దిక్కే తిరగబడుతుంది. దీనిమీద 2007లో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు నగరంలో కలిశాయి. ఒక్కోదానిది ఒక్కో మ్యాపు, కొన్నిటికి మ్యాపే లేదు. వాటిని పక్కపక్కన అంటించినంత మాత్రాన మోడల్ అవుతుందా? అది అతుకుల బొంత.

పైపు కూడా మనిషిలాగే ముసలిదవుతుంది. కొత్త పోత ఇనుము పైపుకు ఇంజనీర్లు 130 అని గుణకం వేస్తారు. ఏండ్ల తరబడి తుప్పు గడ్డలు కట్టాక అది సగానికీ పడిపోవచ్చు. గుణకం 130 నుంచి 65కు పడితే, అంతే ఒత్తిడికి వచ్చే నీళ్లు సగమే. అన్నే నీళ్లు తోయాలంటే ఒత్తిడి నష్టం మూడున్నర రెట్లు దాటుతుంది. మోడల్‌లో మాత్రం పాత పైపు ఇంకా కొత్త పెళ్లికొడుకే! అందుకే మోడల్‌ను సరిచూడాలంటే ఆఫీసులో కూర్చుంటే కాదు. రోడ్డుమీదికి వచ్చి ఒత్తిడి మీటర్లు పెట్టాలి, ప్రవాహం కొలవాలి, తెరమీద అంకె పక్కన నల్లా దగ్గరి అంకె పెట్టి చూడాలి. ఒక్క అంతస్తుకు 7 మీటర్లు, రెండు అంతస్తులకు 12, మూడింటికి 17 మీటర్ల ఒత్తిడి ఉండాలని 1999 నాటి కేంద్ర మాన్యువల్ చెప్పింది. మీ ఇంట్లో మోటరు లేకుండా నీళ్లు పైకెక్కుతున్నాయా? జవాబు మీకే తెలుసు.

అసలు మెలిక ఇంకొకటి ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఇరవై నాలుగు గంటలూ నీళ్లు పారే దేశంలో. పైపు ఎప్పుడూ నిండే ఉంటుంది, ప్రతి ఇల్లూ తనకు కావాల్సినంత తీసుకుంటుంది అనుకునే అది లెక్క మొదలుపెడుతుంది. ఒత్తిడిని బట్టే నీళ్లు అందుతాయి అన్న లెక్క అందులోనే చేర్చింది 2020 నాటి 2.2 కూర్పులో. మనదేమో చాలాచోట్ల రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వచ్చే నల్లా. వచ్చిన గంటలోనే సంపు నింపుకోవాలి, ట్యాంకు నింపుకోవాలి, బిందెలు నింపుకోవాలి. అందరూ ఒక్కసారే పీల్చే ఆ గంట మోడల్‌లో లేకపోతే అది మన నగరం మోడల్ కాదు.

నల్లా బందయ్యాక పైపు ఖాళీ అవుతుంది. పక్కనే పగిలిన మోరీ ఉంటే ఆ మురికి పైపులోకి గుంజుకుంటుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చచ్చిపోయారు. పేదల బస్తీ కాబట్టి నాలుగు రోజులు పత్రికల్లో నడిచి ఆగిపోయింది. ఎక్కడ ఏ గంటకు ఒత్తిడి సున్నాకు పడుతుందో, నల్లా లైను మోరీ లైనును ఎక్కడ దాటుతుందో ఒక్క మ్యాపుమీద పెట్టి చూడటం గొప్ప విద్యేమీ కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం టామ్స్ రివర్‌లో పిల్లలకు క్యాన్సర్లు ఎందుకొచ్చాయని తల్లిదండ్రులు పట్టుబట్టినప్పుడు, 1962 నుంచి 1996 దాకా ఏ ఇంటికి ఏ బావి నీళ్లు వెళ్లాయో ఇదే ఈపీఏనెట్‌తో తవ్వి తీశారు. మోడల్ అక్కడ సాక్ష్యమైంది.

లైన్‌మన్ సంగతి చెప్పకుండా ఈ ముచ్చట పూర్తికాదు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో, ఏది తుప్పుపట్టి సగంలో ఇరుక్కుందో, ఏ కార్పొరేటర్ ఫోను చేస్తే ఏది ముందు తెరవాలో, అంతా ఆయన తలకాయలో ఉంటుంది. ఆయన రిటైరైన రోజు ఆ మ్యాపు కూడా ఇంటికి పోతుంది. ఆయన స్థానంలో అవుట్‌సోర్సింగ్ పిల్లగాడు వస్తాడు, ఆర్నెల్లకు వాడూ మారతాడు. కోట్లు పోసి కన్సల్టెంట్‌ను పిలిచే ముందు, లైన్‌మన్‌ను ఒక్కరోజు కంప్యూటర్ పక్కన కూర్చోబెట్టి “అన్నా, ఇది నిజమేనా?” అని అడిగితే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. కానీ అట్లా అడగడానికి ఏసీ గదుల్లో చాలామందికి మనసొప్పదు.

మనకు అన్నిటికంటే అనుమానం ‘డిమాండు’ అన్న గడిమీద. తలకు 135 లీటర్లు అని రాసి జనాభాతో గుణిస్తారు. ఏ జనాభా? బస్తీలో ఒక్క నల్లామీద మూడు కుటుంబాలు బతుకుతుంటాయి, మోడల్‌లో అది ఒక్క కనెక్షనే. కిరాయి గదుల్లో ఉండే విద్యార్థులు, అడ్డామీది కూలీలు అందులో ఉంటారా? లెక్కలో లేనివాడికి పైపులో నీళ్లు రావు. బస్తీకి సరిపోను పోతున్నాయని తెర చెబుతుంది, బస్తీ ట్యాంకర్ వెంట ఉరుకుతుంది. లీకేజీలు, లెక్కకు రాని నీళ్లు ఎక్కడ పోతున్నాయో కొలవకుండా అన్ని చుక్కలకూ సమానంగా పంచి రాయడం ఇంకో కనికట్టు. అట్లా రాసేస్తే మోడల్‌లో దొంగ దొరకడు.

ఈ లెక్క నగరం పొలిమేరల దగ్గర ఆగదు కూడా. సింగూరు నీళ్లు ఇటు మళ్లిననాడు మెదక్, నిజామాబాద్ రైతులు నిజాంసాగర్ ఆయకట్టుకోసం ఎంత గోసపడ్డారో మనం చూసినం. ఇక్కడ పాత మోడల్‌ను నమ్మి “ఇంకా నీళ్లు కావాలి” అని రాసే ప్రతి అంకె, అక్కడ ఒక మడిని ఎండబెడుతుంది. ముందు పగిలిన పైపుల్లో పోయేది ఎంతో తేల్చి, ఆ తర్వాత కొత్త నది పేరెత్తండి.

ఏ కంపెనీకి టెండరు ఇచ్చినా మోడల్ ఫైలు ప్రజల ఆస్తిగా ఉండాలి, కంపెనీ తాళంలో కాదు. ప్రతి ఏటా, కొత్త లైను వేసిన ప్రతిసారీ సరిదిద్దాలి. తెరమీది ఒత్తిడి ఎంత, నల్లా దగ్గర కొలిచింది ఎంత అన్నది వార్డు ఆఫీసు గోడమీద అంటించాలి. ఉస్మానియా, జేఎన్‌టీయూ సివిల్ విద్యార్థులారా, ప్రాజెక్టు వర్కుకు ఎక్కడో దొరికిన పాత రిపోర్టు కాపీకొట్టే బదులు మీ హాస్టల్ ఉన్న బస్తీని పట్టుకోండి. నీటి శాఖ ఉద్యోగ సంఘాల అన్నలారా, రిటైరయ్యే లైన్‌మన్ దగ్గరున్న వాల్వుల లెక్కను ఆయన వీడ్కోలు సభకు ముందే కాగితంమీద పెట్టించండి. వచ్చే ఎండాకాలం నల్లా వచ్చే రాత్రి ఒక ఒత్తిడి మీటరు పట్టుకుని గల్లీ మొదటి ఇంటి దగ్గర, చివరి ఇంటి దగ్గర కొలుద్దాం. ఆ రెండు అంకెలు పట్టుకుని ఆఫీసుకు పోదాం, మీ తెరమీద ఎంతుందో చూపించండి అని అడుగుదాం.