పైన తేజా, అడుగున తాలు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గరి కాయను చూసి ధర చెప్పడు. మూతి దగ్గర ఎప్పుడూ నిగనిగలాడే కాయే ఉంటుందని వాడికి తెలుసు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా దూర్చి, అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. అరచేతిలో పరిచి తాలెంత, మచ్చకాయెంత, తొడిమ ఇంకా పచ్చిగా ఉందా, ఊపితే గింజ గలగలమంటుందా అని చూస్తాడు. అప్పుడు గానీ నోరు తెరవడు. మా బాబాయి ఆ యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. అడుగు కాయ చూడకుండా ధర మాటెత్తిన వాడిని చూస్తే ఆయనకి నవ్వు.

ఇంతటి మనిషీ, వేలం ముగిశాక టిక్కీల మీద కూర్చుని టీ తాగుతూ, కబడ్డీ మాట వచ్చేసరికి మూతి దగ్గరి కాయతోనే సరిపెట్టుకుంటాడు.

“టైటాన్స్ వాళ్ళు డబ్బు తియ్యరు అబ్బాయ్. ఒక్క పెద్ద రైడర్‌ని కొనమను. ఎంతైతే అంత. కప్పు ఎందుకు రాదో చూద్దాం.”

ఇది బాబాయి ఒక్కడి మాట కాదు. సీజన్ అయిపోయి, మళ్ళీ ఆటగాళ్ళ వేలం వచ్చేలోగా చిలకలూరిపేట టీ కొట్ల నుంచి హైదరాబాదు టీవీ స్టూడియోల దాకా తెలుగు టైటాన్స్ గురించి వినపడేది ఇదే: యజమానులు పిసినార్లు, జట్టుకి కావలసింది కోట్ల రైడర్. రెండూ తప్పే. మొదటిది లెక్క తెలియక అంటున్నారు. రెండోది లెక్క కళ్ళముందున్నా అంటున్నారు, నాకు కోపం దాని మీదే.

మొదటిదాని సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ప్రొ కబడ్డీలో ఏ జట్టయినా ఆటగాళ్ళ మీద పెట్టగలిగింది 5 కోట్లు. 2023లో 4.4 కోట్ల నుంచి పెంచిన హద్దు అది. అదానీల గుజరాత్‌కైనా, జిందాల్‌ల హరియాణాకైనా, మన టైటాన్స్‌కైనా అదే పర్సు. అందులోనే కనీసం 18 మందిని సర్దాలి. ఒకడికి రెండున్నర కోట్లు పోస్తే మిగతా పదిహేడు మందికి ఉండేది ఇంకో రెండున్నర. అక్కడ పిసినారితనానికీ చోటు లేదు, ధారాళానికీ చోటు లేదు. ఉన్నదల్లా పంపకం.

ఇక కోట్ల రైడర్. 2014లో తొలి వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. కోటి గడప దాటింది 2018లో. అక్కడి నుంచి 2025 దాకా ఏడు వేలాలు జరిగాయి. ఏడింటిలో ఒక్కసారి కూడా, ఆ ఏటి అత్యధిక ధర పెట్టిన జట్టు కప్పు ఎత్తలేదు. 2018లో మోనూ గోయత్‌కి 1.51 కోట్లు పెట్టిన హరియాణా తన జోన్‌లో అట్టడుగున నిలిచింది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి కొన్నది మనమే, పన్నెండు జట్లలో పదకొండో స్థానం. 2021లో పర్దీప్ నర్వాల్‌కి 1.65 కోట్లు పోసిన యూపీ సెమీఫైనల్ దాకా వెళ్ళి ఆగింది. ఈ మూడింటిలో కాస్త పరువు దక్కింది వాళ్ళకే.

2022 కథ ఇంకా చిత్రం. తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి పవన్ సెహ్రావత్‌ని తెచ్చుకుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని అతను బయటికి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ మొహం చూడని ఆ జట్టు, అతను లేకుండానే ఆ ఏడు సెమీఫైనల్ చేరింది. నరేందర్ అనే కొత్త కుర్రాడు కూత భారమంతా మోశాడు. ఇంత జరిగాక మరుసటి ఏడు మనవాళ్ళు ఏం చేశారు? అదే పవన్‌కి 2.605 కోట్లు పెట్టారు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అంత ధర లేదు. ఆ రాత్రి బాబాయి ఫోన్ చేసి, “ఇప్పుడు చూడరా!” అన్నాడు.

చూశాం. 22 మ్యాచ్‌లు, 2 గెలుపులు, ఒక టై, 19 ఓటములు. పన్నెండో స్థానం. ఒక్కో గెలుపు కోటీ ముప్ఫై లక్షలు పడింది. పోనీ పవన్ ఆడలేదా అంటే, ఆడాడు. రైడ్ పాయింట్లు 200 దాటించాడు. అతన్ని తప్పు పడితే కళ్ళు పోతాయి. అతను ఆడీ జట్టు మునిగింది, నేను చెప్పేది అదే. అంతకు ముందు రెండు సీజన్లూ కలిపి చూస్తే మూడేళ్ళలో 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు, వరసగా మూడుసార్లు ఆఖరి స్థానం. పత్తి చేలో మూడేళ్ళు వరసగా విత్తనం ఖర్చు కూడా రాకపోతే రైతు పంట మారుస్తాడు. అభిమాని మాత్రం ఇంకా ఖరీదైన విత్తనం కొనమంటాడు.

ఎందుకిలా అవుతుందో ఆట తెలిసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. కూతకెళ్ళినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. వాడు మళ్ళీ బరిలోకి రావాలంటే వాడి జట్టులో ఇంకెవరో అవతలివాణ్ణి అవుట్ చెయ్యాలి. మన ఊళ్ళలో దీన్ని బతికించడం అంటారు. బోనస్ గీత దాటి పాయింటు తెచ్చినా సరిపోదు, బోనస్‌కి ఎవడూ బతకడు. అంటే రెండు కోట్ల అరవై లక్షల మనిషి బెంచీ మీద కూర్చుంటే, అతన్ని లేపి లోపలికి తేవలసింది తొమ్మిది లక్షల కుర్రాడు. అవతలి రైడర్ చీలమండ దొరకబుచ్చుకోవలసింది ఆ కార్నర్ కుర్రాడే. వాడి పట్టు జారితే కోట్ల రైడర్ మరో రెండు నిమిషాలు తువ్వాలు భుజాన వేసుకుని చూస్తుంటాడు. నలభై నిమిషాల ఆటలో ఆ రెండేసి నిమిషాలన్నీ కూడబెట్టండి. అవతలి కోచ్ చేసేది అదే లెక్క: అతను ఒక్కడే కదా, ఒకసారి పట్టండి, తర్వాత బతికించేవాడు లేడు, ఆలౌట్ దానంతటదే వస్తుంది.

2003లో ‘ఒక్కడు’ వచ్చినప్పటి నుంచి మన బుర్రల్లో కబడ్డీ అంటే ఒక్కడి ఆట అయిపోయిందని నా అనుమానం. సినిమాలో హీరో పట్టుబడి పావుగంట బెంచీ మీద కూర్చుంటే టికెట్లు తెగవు కదా.

నా మాటకి అడ్డు చెప్పగల ప్రశ్నలు రెండున్నాయి, దాటెయ్యను. 2022లో టైటాన్స్ ఎవరికీ కోటి పెట్టలేదు, మరి అప్పుడూ రెండే గెలిచింది కదా అంటారు. నిజమే. అప్పుడు కొన్నది ఎవర్ని? మోనూ గోయత్, సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైన్స్‌వాల్, మళ్ళీ సిద్ధార్థ్ దేశాయ్. అన్నీ పేరున్న పేర్లే, కాకపోతే పాత ఏళ్ళ పేర్లు. ఏళ్ళ తరబడి ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) ఉన్న కాయ ఘాటు కొంత నిలుపుకుంటుందేమో గానీ రంగు తగ్గుతుంది, యార్డులో అందరికీ తెలుసు. దాన్ని కొత్త కాయ ధరకి ఎవడూ కొనడు. ఒక పెద్ద పేరుకి బదులు నాలుగు పాత పేర్లు కొనడం నేను చెప్పే దారి కాదు, అదే రోగానికి చిన్న డోసు.

రెండో ప్రశ్న గట్టిది. ఇరాన్ ఆటగాడు షాద్లూయి. 2023లో పుణెరి పల్టన్ అతనికి 2.35 కోట్లు పెట్టి కప్పు కొట్టింది. మరుసటి ఏడు హరియాణా 2.07 కోట్లు పెట్టి కప్పు కొట్టింది. ఆ రెండేళ్ళూ అత్యధిక ధర వేరేవాళ్ళది, కానీ అంత చిన్న తేడా పట్టుకుని తప్పించుకోను. షాద్లూయి రాకముందే పుణె దగ్గర అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, ఆకాశ్ షిండే లాంటి కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి ఆడుతున్నారు. సంచి అడుగు దాకా మంచి కాయ నిండి ఉంది, అతను మూతి దగ్గర పడ్డాడు. హరియాణాలోనూ అంతే, జైదీప్, రాహుల్ గోడలా నిలబడ్డాక అతను చేరాడు. 2025లో అదే మనిషిని గుజరాత్ 2.23 కోట్లకి కొంది, ఆ ఏటి అత్యధిక ధర. అవే చేతులు, అదే పట్టు. గుజరాత్ మొదటి ఎనిమిది జట్లలో కూడా లేదు. 2.205 కోట్లతో రైడర్ దేవాంక్‌ని తెచ్చుకున్న బెంగాల్‌దీ అదే గతి.

ధర గురించి ఇంకో మాట. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన తేజా రకం మిర్చి 2025 ఫిబ్రవరి నాటికి ఎంతగా పడిపోయిందంటే కేంద్రం కలగజేసుకుని మిర్చికి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కాయ ఘాటు తగ్గలేదు, 2023లో ఎగబడినవాళ్ళు 2025లో లేరు, అంతే. పవన్ ధరా అలాగే నడిచింది: 2023లో 2.605 కోట్లు, 2024లో 1.725 కోట్లు, 2025లో 59.50 లక్షలు. వేలం పాటలో పలికేది ఆ పూట ఎంతమందికి ఆశ పుట్టిందన్న లెక్కే. దాన్ని ఆట విలువ అనుకునేవాడు మాత్రం గుంటూరులో పుట్టినవాడు కాకూడదు.

2025 ఆగస్టు 29న విశాఖలో సీజన్ మొదలైంది. టైటాన్స్ పవన్‌ని వదులుకుంది, అతను తమిళ్ తలైవాస్ చొక్కాలో ఎదురుగా నిలబడ్డాడు. తలైవాస్ 38–35తో గెలిచింది. ఆ రాత్రి నేను విన్న శాపనార్థాలు ఇక్కడ రాయడానికి లేదు. తర్వాత జరిగింది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పుకోలేదు. పవన్ సీజన్ మధ్యలోనే ఆ జట్టుకి దూరమయ్యాడు, తలైవాస్ మొదటి ఎనిమిదిలోకి రాలేదు. విజయ్ మాలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా తోడుగా టైటాన్స్ బెంగళూరుని దాటి, పట్నాని దాటి రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళి, పుణె చేతిలో 50–45తో ఆగింది. విజయ్, భరత్ ఇద్దరి ధరా కలిపినా 2023లో పవన్ ఒక్కడికి పెట్టినదానిలో సగం చుట్టూ ఉంటుంది. ఒకడు బెంచీ మీదుంటే రెండోవాడు బతికించాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

ప్రకాశం జిల్లాలో తిరునాళ్ళకి బండలాగుడు చూసినవాళ్ళకి ఈ వ్యాసం అక్కర్లేదు. అక్కడ ఎద్దు గెలవదు, జత గెలుస్తుంది. లక్షలు పోసి ఒక్క మేటి ఒంగోలు గిత్తని తెచ్చి, ఇంట్లో ఉన్నదానితో కాడి కట్టినవాడి బండ పక్కకి పోతుంది. వలపటిది ముందుకి గుంజుతుంది, దాపటిది మెడ వాల్చేస్తుంది, తోలేవాడు గొంతు చించుకుంటాడు. అందుకే పళ్ళు చూసి, ఎత్తు చూసి, నడక చూసి జత కుదురుస్తారు. కుదిరాక ఏడాదిపాటు కలిపి మేపుతారు. కబడ్డీలోనూ వలపటి కార్నర్, దాపటి కార్నర్ ఉంటాయి. వాటిని ఎవరు, ఎన్నాళ్ళు కలిపి మేపారని మన టీవీ చర్చల్లో ఒక్కడూ అడగడు.

మరి డబ్బు ఎక్కడ తియ్యాలి? పర్సు బయట. ఆటగాళ్ళ జీతాలకి 5 కోట్ల హద్దు ఉంది గానీ కుర్రాళ్ళని పెంచడానికి హద్దు ఎవరూ పెట్టలేదు. ధనవంతుడైన యజమాని పక్కవాడికంటే ఎక్కువ ఖర్చు పెట్టి ముందుకి పోగలిగే చోటు అదొక్కటే. పుణె యువ పల్టన్ పేరుతో అదే చేసింది. టైటాన్స్‌లో తెలుగువాళ్ళే ఆడాలన్న గోల నాకు లేదు. హరియాణావాడైనా, ఇరాన్‌వాడైనా నాకు సమ్మతమే. నా బాధల్లా, ఇక్కడివాడు వేలం పట్టికలోకి చేరే దారే లేకపోవడం.

ఆ మధ్య మా ఊరి కుర్రాడొకణ్ణి ఒక ఎంపిక పోటీకి తీసుకెళ్ళాను. ఎక్కడ, ఎవరు పెట్టారు అన్నది వద్దు. దాపటి కార్నర్, పందొమ్మిదేళ్ళు, సీజన్లో టిక్కీలు లోడెత్తుతాడు, చీలమండ దొరికిందంటే వదలడు. వాడు పుట్టి బుద్ధెరిగి ఆడింది పత్తికట్టె పీకేసిన చేలో, నల్లరేగడి మీద, ఒట్టి కాళ్ళతో. అక్కడ మ్యాట్ పరిచి ఉంది. బూట్లు అరువు తెచ్చుకుని దిగాడు. మట్టి మీద మోకాలు వంచి జారుతూ వెళ్ళి పట్టడం వాడి అలవాటు. మ్యాట్ మీద బూటు జారలేదు, ఉన్నచోటే పట్టేసింది, వాడు ముందుకి బోర్లా పడ్డాడు. మూడు పట్లు, మూడూ అంతే. పది నిమిషాల్లో “నెక్స్ట్” అన్నారు.

బస్సులో ఒంగోలు దాటేదాకా మాట్లాడలేదు. దాటాక అడిగాడు, “అన్నా, ఆ మ్యాట్ ఎంతుంటుందంట?”

లక్షల్లో అని చెప్పాను. తలూపి కిటికీలోకి చూశాడు.

వారం తర్వాత ఊరెళ్తే వాళ్ళ బరి మీద ఏదో పరిచి ఉంది. యార్డు నుంచి తెచ్చిన ఖాళీ టిక్కీ గోతాలు విప్పి, ఒకదానికొకటి దబ్బనంతో కుట్టి, అంచుల్లో మేకులు దిగ్గొట్టారు. వాడు అరువు బూట్లతోనే కార్నర్‌లో నిలబడ్డాడు. రెండు కూతలు సాగాయి. మూడో కూతకెళ్ళినవాడు మధ్యలోనే తుమ్మాడు, కూత ఆగిపోయింది. గోతాల్లోంచి లేచిన కారం దుమ్ముకి అందరూ కళ్ళు నులుముకుంటూ, నీళ్ళ డ్రమ్ము వైపు పరిగెత్తారు.