ఐదు గినీల తీర్పు

క్రీడాకారుని ప్రతిభను అంకెలతో కొలవడం లోకరీతి. ఆ కొలతకు లియరీ కాన్‌స్టంటైన్ సామాన్యుడిగానే కనిపిస్తాడు. 18 టెస్టులు, 635 పరుగులు, 58 వికెట్లు. వెస్టిండీస్ క్రికెట్‌కు తొలి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుని ఖాతా ఇంతేనా అనిపించక మానదు. ఈ అంకెలు ఆయన ఆటనే సరిగా చెప్పలేవు. ఇక జీవితాన్ని ఏమి చెప్పగలవు!

1901లో ట్రినిడాడ్‌లో జన్మించిన కాన్‌స్టంటైన్ బానిసల సంతతివాడు. తండ్రి లెబ్రన్ కూడా క్రికెటరే. ఆనాటి వలసపాలనలో చదువుకున్న నల్లజాతి యువకునికి న్యాయవాది వద్ద గుమాస్తాగిరికి మించిన ఉద్యోగం దుర్లభం. క్రికెట్ ఒక్కటే ఆయనకు దారి చూపింది. 1928లో లార్డ్స్ మైదానంలో మిడిల్‌సెక్స్ జట్టుపై 86 పరుగులు చేసి, 57 పరుగులకు 7 వికెట్లు తీసి, రెండవ ఇన్నింగ్స్‌లో సుమారు గంటలో శతకం సాధించి ఓడవలసిన ఆటను గెలిపించాడు. మరుసటి ఏడు లాంకషైర్‌లోని నెల్సన్ అనే చిన్న మిల్లుల పట్టణం ఆయనను ఆటగాడిగా నియమించుకుంది. తొలుత వింతగా చూసిన ఆ ఊరే తరువాత ఆయనను తనవాడిగా భావించింది. తొమ్మిది సీజన్లలో నెల్సన్ జట్టు ఏడుసార్లు లీగ్ విజేతగా నిలిచింది.

అయినా వెస్టిండీస్ నాయకత్వం నాడు తెల్లవారి సొత్తు. ఒక నల్లజాతి ఆటగాడు సిరీస్ మొత్తానికి నాయకుడు కావడానికి 1960లో ఫ్రాంక్ వొరెల్ వచ్చేవరకు ఆగవలసివచ్చింది. కాన్‌స్టంటైన్‌కు అర్హత లేక కాదు, రంగు అడ్డమై ఆ గౌరవం దక్కలేదు.

ఆయన అసలు ఇన్నింగ్స్ న్యాయస్థానంలో సాగింది. 1943లో లండన్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో భార్యాపుత్రికలతో నాలుగు రాత్రులకు గది కుదుర్చుకున్నాడు. అమెరికన్ అతిథులు అభ్యంతరపెడతారని, ఒక్క రాత్రికి మించి ఉండరాదని అక్కడివారు చెప్పారు. అప్పటికి ఆయన బ్రిటిష్ కార్మికశాఖలో వెస్టిండియన్ కార్మికుల సంక్షేమాధికారి. పేరు, పదవి గల మనిషి. అవమానాన్ని దిగమింగి, మరొక హోటల్‌తో సరిపెట్టుకోవడం సులభమే. నాడు వర్ణవివక్షను నిషేధించే చట్టం కూడా లేదు. బసకు వచ్చిన బాటసారిని సత్రం నిష్కారణంగా తిరస్కరించరాదన్న ప్రాచీన న్యాయసూత్రాన్నే పట్టుకొని ఆయన పోరాడాడు. 1944లో గెలిచాడు. పరిహారం ఐదు గినీలు, అంటే ఐదు పౌన్ల ఐదు షిల్లింగులు!

సొమ్ము స్వల్పమే. కాని తనకు కీర్తి ఉన్నందున తన ఒక్కడికి మినహాయింపు దొరికితే చాలునని ఆయన అనుకోలేదు. కీర్తిలేని కార్మికునికి ఆ తలుపు మూసే ఉంటుందని ఆయనకు తెలుసు. ఆయనను మితవాది అన్నవారు ఈ వ్యాజ్యాన్ని గుర్తుంచుకోవాలి. 1963లో ట్రినిడాడ్ హైకమిషనర్‌గా ఉంటూ, నల్లవారికి ఉద్యోగాలివ్వని బ్రిస్టల్ బస్సు సంస్థను బహిరంగంగా విమర్శించాడు. అది స్వదేశ ప్రభుత్వానికి రుచించలేదు. మరుసటి ఏడు ఆయన పదవి వీడాడు. బ్రిటన్‌లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది 1965లో.

1969లో ఆయన ప్రభువుల సభలో ప్రవేశించిన తొలి నల్లజాతీయుడయ్యాడు. రెండేళ్ళకే, 1971లో మరణించాడు. ప్రభువుగా స్వీకరించిన బిరుదులో ఆయన రెండు ఊళ్ళను చేర్చుకున్నాడు. ఒకటి ట్రినిడాడ్‌లోని మరవాల్, రెండవది నెల్సన్.