ఇద్దరి పేరిటి యిల్లు, ఇద్దరి పేరిటి అప్పు



క్రిందటి మాసమున పసుపుకుంకుమల క్రింద ఆడుబిడ్డలకిచ్చు భూములను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసపు విషయము కొందరు పెద్దలకు రుచింపకపోవచ్చును. వివాహము చేసికొనకయే యొకయింట నున్న స్త్రీపురుషులు ఉమ్మడిగా అప్పుచేసి యిల్లు కొని, పిమ్మట విడిపోయినచో, ఆ యిల్లేమగును? ఆ అప్పేమగును? ఇట్టివి మన నూజెండ్లలో నెక్కడ జరుగునని యనకుడు. ఇల్లు హైదరాబాదులో నున్నను, అందు పోసిన సొమ్ము మన మిరపచేలనుండి పోయినదే.

మావారియొద్ద చదువుకొన్న యొక అమ్మాయి మొన్న ఆషాఢమున మాయింటికి వచ్చినది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము. తనతో పనిచేయు నొక యువకునితో ఐదేండ్లు కలిసియున్నది. పెండ్లి రేపుమాపనుచుండగనే, నాలుగేండ్ల క్రిందట ఇద్దరి పేర 60 లక్షలకు ఫ్లాటు కొనిరి. బ్యాంకువారిచ్చినది 45 లక్షలు. చేతినుండి పెట్టిన 15 లక్షలలో 9 లక్షలు ఈపిల్లవి. తండ్రి యెకరము మెట్టచేను అమ్మి పంపిన సొమ్మది. పెండ్లికి ముందే కూతురు స్వంతయిల్లు సంపాదించుకొన్నదని ఆయన సంతోషించెను. ఆ యింట మరియొకరి పేరు గలదని ఆయన కెవ్వరును చెప్పలేదు.

ఇప్పుడిద్దరికిని పొసగలేదు. "నీవు హక్కు విడుదల దస్తావేజు మీద సంతకము చేసి వెళ్లుము. వాయిదాలు నేనే కట్టుకొందును. నీ తొమ్మిది లక్షలు మెల్లగా ఇచ్చెదను. బ్యాంకులో నీ పేరు తరువాత తీయింతము" అని అతడనెనట. ఈపిల్ల సంతకమునకు సిద్ధమైయున్నది.

"నలుగురి నోళ్లలో పడకుండ బయటపడిన చాలును, పిన్నిగారూ" అన్నది.

"బ్యాంకువారు ఒప్పుకొనిరా, తల్లీ?" అని అడిగితిమి.

"వారినింకను అడుగలేదండీ."

ఆ కలిసియుండుట మంచిదా, చెడ్డదా యను విచారణ మేమిచ్చట చేయము. మాకొక అభిప్రాయము లేకపోలేదు. కాని యిల్లు కాలుచున్నప్పుడు నిప్పెవరు పెట్టిరని అడుగుచు కూర్చుండరు గదా.

ఇందు రెండు కాగితములున్నవి. ఒకటి క్రయదస్తావేజు. అది యిల్లెవరిదో చెప్పును. రెండవది బ్యాంకునకు వ్రాసియిచ్చిన ఋణపత్రము. అది అప్పెవరు తీర్చవలయునో చెప్పును. మొదటిదానిలో హక్కు వదలుకొన్నంతమాత్రమున రెండవదానిలో పేరు పోదు. అతడు చెప్పినట్లు చేసినచో ఈపిల్లకు ఇల్లు పోవును, అప్పు మిగులును. అతడు వాయిదాలు తప్పిన నాడు బ్యాంకువారు ఈమెనే అడుగవచ్చును. సగము కాదు, మొత్తము అడుగవచ్చును. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను అట్లే చెప్పుచున్నది. కలిసి మాటయిచ్చినవారిలో ఎవరినైనను పూర్తిగా తీర్చుమని అప్పిచ్చినవాడు కోరవచ్చును. తీర్చినవారు రెండవవారినుండి వారి వంతు రాబట్టుకొనవలయును. మూడు మాసములు బాకీపడినచో బ్యాంకువారు దానిని మొండిబాకీగా లెక్కింతురు. పిమ్మట 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము ననుసరించి 60 దినముల గడువుతో నోటీసు పంపి, యింటిని స్వాధీనపరచుకొనవచ్చును. తప్పినట్టి గుర్తు ఇద్దరి పేరను పడును. రేపు ఈపిల్ల తనకొరకు వేరొక అప్పునకు పోయినను అది యడ్డము వచ్చును.

ఇది క్రొత్తధర్మము కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, భర్త చేసిన అప్పు భార్య తీర్చనక్కరలేదని చెప్పి, మూడింటిని మాత్రము మినహాయించిరి. తాను ఒప్పుకొన్నది, భర్తతో గూడి చేసినది, తాను స్వయముగా చేసినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెనిగించెను. మా తండ్రిగారు దానిని మాచేత చదివించునాడు, ఇది యొకనాడు హైదరాబాదు ఫ్లాటునకు అక్కరకు వచ్చునని మేమనుకొనలేదు.

ఇక లెక్క. మావారు పలకమీద వేసి చూపిరి. నూటికి ఏటికి ఎనిమిదిన్నర వడ్డీ, ఇరువదియేండ్ల గడువు. నెలకు రమారమి 39 వేల వాయిదా. నాలుగేండ్లలో కట్టినది దాదాపు 18 లక్షల 74 వేలు. అసలులో తరిగినది నాలుగు లక్షలు మాత్రమే! ఇంకను 41 లక్షలు బాకీ యున్నది. మొదటి యేండ్లలో వాయిదాలోని హెచ్చుభాగము వడ్డీకే పోవును. ఈ సంగతి అప్పుచేయునాడు ఎవ్వరును ఆడువారికి విడమరచి చెప్పరు. మగవారికి తెలియునని కూడ మేమనలేము.

ఆ ఫ్లాటు నేడు 70 లక్షలు పలుకుచున్నదట. బాకీ పోగా 29 లక్షలు. పంచుకొనవలసినది ఇది. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 45వ సెక్షను ప్రకారము, వేరొడంబడిక లేనిచో, ఎవరు పెట్టిన సొమ్మునుబట్టి వారి భాగముండును. ఋజువు లేనిచో సమభాగము. వాయిదాలు ఇద్దరును సగము సగము కట్టిరి. సమభాగమైనను ఈపిల్లకు 14 లక్షల 50 వేలు రావలెను. ఈమె తొమ్మిదింటితో, అదియు మెల్లగా, తృప్తిపడనున్నది.

వివాహితులకు కుటుంబన్యాయస్థానము కలదు. వీరు తగవునకు పోయినచో సివిలు కోర్టే గతి. రక్తసంబంధీకుల దస్తావేజులకుండు స్టాంపు రాయితీలును వీరికి లేవు. అట్లని స్త్రీకి రక్షణ బొత్తిగా లేదనరాదు. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము, వివాహమువంటి సంబంధములో నున్న స్త్రీకిని కలిసియున్న యింట నివసించు హక్కునిచ్చినది. ఏది వివాహమువంటిదో సుప్రీంకోర్టువారు 2013లో ఇంద్రశర్మ కేసులో గుర్తులు చెప్పిరి. ఇద్దరి పేరను స్థిరాస్తి కొనుట అందులో నొకటి. ఐనను ఆ కేసులో స్త్రీ యోడిపోయినది. అతడు వివాహితుడని యెరిగియే ఆమె అతనితో నుండుట కారణము.

ఉమ్మడిసొత్తు పంచుకొనుట యెంత కష్టమో పలనాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. మాచెర్లవారు ఏడేండ్లు వలసయుండి తిరిగివచ్చి తమపాలు అడుగగా, గురజాలవారు ఈయకపోవుటచేతనే గదా కారెంపూడిలో అంత రక్తపాతము! నేడు కత్తులు లేవు, వాయిదాలున్నవి. 1893వ సంవత్సరపు విభాగచట్టము ప్రకారము, ముక్కలు చేయ వీలులేని యింటిని కోర్టువారు అమ్మించి సొమ్ము పంచవచ్చును. ఒకరు అమ్మకమునకు కోరినచో, రెండవవారు వెలకట్టించి ఆ భాగమును కొనుక్కొనవచ్చును. కాని ఆ తీర్పు వచ్చులోపల బ్యాంకువారి వడ్డీ ఆగదు.

కాబట్టి ఈపిల్లకు మేము చెప్పినదిది. అతనికి ఇల్లు కావలెనన్న, అప్పంతయు తన పేరనే మార్పించుకొనవలయును. అతని జీతము చాలునా యని బ్యాంకువారు మరల విచారింతురు. చాలనిచో తన అన్ననో, తండ్రినో చేర్చుకొనవలెను, లేదా వేరు బ్యాంకునకు మార్చుకొనవలెను. మారుచుండు వడ్డీగల గృహఋణమును వ్యక్తులు ముందుగా తీర్చివేసినను అపరాధరుసుము లేదు. ఈమె పేరు ఋణమునుండి తొలగించితిమని బ్యాంకువారు వ్రాసియిచ్చిన దినముననే, ఈమెకు రావలసిన సొమ్ము చేతికి వచ్చిన పిమ్మటనే, హక్కు విడుదల దస్తావేజు. ఇది కుదురనిచో మూడవవారికి అమ్మి, బాకీ తీర్చి, మిగిలినది పంచుకొనవలెను. బాకీ తీరిన 30 దినములలో బ్యాంకువారు అసలు దస్తావేజులు తిరిగి యీయవలెను. ఈయనిచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెనని రిజర్వుబ్యాంకువారి ఉత్తరువు 2023 డిసెంబరు 1వ తేదీనుండి అమలులో నున్నది.

"నాన్నగారికి తెలియును గదండీ అప్పుడు" అన్నది ఆపిల్ల. ఇంతసేపును ఆమెను భయపెట్టినది బ్యాంకు కాదు. ఆ భయముతోనే సంతకము చేయబోయినది.

మరునాడు ఉదయము తానే తండ్రికి చెప్పినది. ఆయన రెండు దినములు కూతురితో మాటలాడలేదు. మూడవనాడు సాయంకాలము తన బ్యాంకు పాసుపుస్తకము చేతబట్టుకొని మా గుమ్మమున నిలిచి, "మాస్టారూ, చేను సొమ్ము పంపిన తేదీ ఇందులో ఉన్నదేమో చూడండి" అన్నాడు. ఉన్నది. మావారు ఆ పుట గుర్తుపెట్టి యిచ్చిరి. ఆ రాత్రి వినుకొండలో బస్సెక్కునప్పుడు దానిని ఆపిల్ల వెంట తీసికొనిపోయినది. బ్యాంకునకు అర్జీ పెట్టినదట. సంతకము ఇంకను చేయలేదు.